పసుపురెక్క చేప ఎక్కడిది?

మా అన్న యోతాంకి ఒక జబ్బుంది. ఎవరు ఏ చేప పట్టుకొచ్చినా, అది ఏ రాతి దగ్గరిదో చెప్పందే ఊరుకోడు. కంచంలో పెట్టిన చేపనైనా సరే, తిప్పి చూసి, "ఇది సరస్సు నడుమ లంకకి దక్షిణం వైపుది, చారలు చూడు" అంటాడు. "చేపకి చిరునామా దేనికన్నా, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు" అని నేను విసుక్కుంటాను.

ఆ జబ్బు పనిలోంచి అంటుకుంది. రంగుచేపల వ్యాపారి దగ్గర పదకొండేళ్ళు మునకపని చేశాడు. నోట్లో గాలిగొట్టం, చేతిలో బుల్లి వల. మలావీ సరస్సు పడమటి ఒడ్డున అతను మునగని రాయి లేదు. ఆ చేపలు విమానమెక్కిపోయి ఎవరి ఇళ్ళలోనో గాజుపెట్టెల్లో తిరిగేవట. తినడానికి కానప్పుడు చేపను కొనడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చివరికి లోతునీళ్ళ ఒత్తిడికి ఎడమచెవి వినికిడి పోగొట్టుకుని ఇంటికొచ్చి, అందరిలాగే దోనె వేసుకుని గాలం పట్టాడు.

గాలాలవాళ్ళకి చోటు ఒక్కటే, ఊరి ముందున్న పీతరాయి. పెద్ద వలలవాళ్ళు రాళ్ళ జోలికి రారు, వలలు చిరుగుతాయని. అందుకని అది ముసలీముతకకీ, మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళకీ మిగిలింది. నేను రెండు లెక్కల్లోకీ వస్తాను. అరబుట్ట చేపలు పడితే ఎండబెట్టి బజారుకి మోస్తాను. ఆ రాయి లేకపోతే నాకు పొయ్యి వెలగదు.

వానలకు ముందు, ఈగలు నీళ్ళ మీద పొగలా లేచే రోజుల్లో, చేపల చదువు చదివిన ఒక మేడం వచ్చింది. పేరు తవోంగా. మా వైపు పిల్లే. మూడు రోజులు పీతరాయి చుట్టూ మునిగి, నీలం ఒళ్ళూ పసుపు రెక్కా ఉన్న ఒక చేపను సీసాలో పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"బాబాయ్, దీన్ని ఈ రాయి దగ్గర తప్ప ఇంకెక్కడా చూడలేదు నేను. నీకు తెలుసా?"

అన్న సీసా ఎండకెత్తి తిప్పాడు. నోరు తెరిచాడు, మూశాడు. మా అన్న చేపను చూసి మాట్లాడకపోవడం నేనెరగను. నాకే గాభరా వేసింది.

"లంకలో దీని చుట్టాలున్నాయి. కానీ వాటి రెక్క తెలుపు" అన్నాడు చివరికి.

"అన్నీ ఒకే తల్లి పిల్లలే బాబాయ్. ఏ కాలంలోనో నీళ్ళు తగ్గి, మధ్యలో ఇసుక పడి, ఏ రాతివి ఆ రాతికి విడిపోయాయి. ఇసుక దాటి పోవు, పక్క రాతితో వియ్యమందవు. అలా అలా రంగులు మారిపోయాయి."

"చోద్యం! మనమే నయం, పక్కూరికైనా పిల్లనిస్తాం" అన్నాను.

మేడం పకపకా నవ్వి, అప్పుడు అసలు సంగతి చెప్పింది. చేప నిజంగా ఇక్కడిదే అయితే, పీతరాయి దగ్గర గాలం కూడా వెయ్యకుండా కట్టడి చెయ్యమని పైకి రాస్తుందట. నా నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

అన్న నుదురు రుద్దుకున్నాడు. "ఇరవై ఏళ్ళ కింద మా వ్యాపారి పడవ ఆ రాతికే కొట్టుకుని బోల్తా పడిందమ్మా. లంకలో పట్టిన చేపలు, నాలుగు పీపాలు, మొత్తం నీళ్ళపాలు."

"అయితే ఇవి వాటి సంతానమేమో!"

"అవి తెల్లరెక్కవంటున్నానుగా."

"ఇక్కడి చేపతో కలిస్తే రంగు మారొచ్చు. మారకనూ పోవచ్చు. ఈ చేపల్లో తల్లి పిల్లల్ని నోట్లోనే దాచుకుని పెంచుతుంది, అలాంటిది ఒక్కటి బతికినా చాలు, రాతి నిండా సంతతే. పడవ బోల్తాకి ముందు పసుపురెక్క ఇక్కడుండేదా? అది చెప్పు బాబాయ్."

అన్న తల పట్టుకున్నాడు. పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు. సరస్సంతా గాలించినవాడు ఇంటి ముందు రాతిని మాత్రం ఏనాడూ నిదానంగా చూడలేదు.

సాయంత్రానికల్లా ఊరంతా మా వాకిట్లో ఉంది. పక్కింటి లుసుంగు ముందే అందుకుంది. "నేనే తెచ్చానని ఒక్క ముక్క అనవయ్యా, పీడా పోతుంది! చేపొచ్చి సాక్ష్యం చెబుతుందా?"

"తేకుండా తెచ్చానంటే, ఉన్న ఒక్క చోటా అది లేకుండా పోతుంది. మళ్ళీ ఎక్కణ్ణించి తెస్తాం?" అన్నాడు అన్న.

"మరి మేం పోతే ఎక్కణ్ణించి తెస్తావ్?" అని నేను కసిరాను.

మర్నాడు ఊరిపెద్ద మామిడి నీడన అందర్నీ కూర్చోబెట్టి అడిగాడు. "యోతాం, చేప నువ్వు తెచ్చిందా, ఇక్కడిదేనా?"

"తెలీదు పెద్దాయనా."

జనం గొల్లున నవ్వారు. అన్న ముఖం కందిపోయింది. అటూ ఇటూ చూసి నావైపు చెయ్యి చూపించాడు. "మా చెల్లినడగండి. చిన్నప్పట్నించీ ఆ రాతి మీదే గిన్నెలు తోమింది. అది చూసుంటుంది."

అందరూ నావైపు తిరిగారు. నిజమే, చూశాను. సంకటి మాడు నీళ్ళలో కొడితే పసుపు రెక్కలు గుంపుగా వచ్చి నా వేళ్ళు కొరికేవి. చక్కిలిగిలి పెట్టేది. కానీ ఎప్పుడు? పెళ్ళికి ముందా, మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చాకా? పడవ బోల్తా పడింది ఆ రెంటికీ మధ్యలో. ఆ చేతికి గాజులున్నాయా లేవా అని తలచుకున్నాను. ఒకసారి ఉన్నట్టు కనిపించింది. ఇంకోసారి లేనట్టు. దేవుడా, నా కళ్ళే నాకు సరిగ్గా చెప్పడం లేదు. ఎదురుగా లుసుంగు కళ్ళెర్ర చేస్తోంది. మేడం కలం పట్టుకుని నా నోటివంకే చూస్తోంది.

"పడవ బోల్తాకి ముందు ఈ చేపలు లేవు" అన్నాను.

అన్న గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "అయితే నేనే తెచ్చానమ్మా, రాసుకో" అన్నాడు. మేడం ఏదో అడగబోయి మానేసి, పుస్తకం మూసేసింది. గాలాలవాళ్ళు అప్పుడే దోనెలవైపు పరుగెత్తారు.

ఆ పూట అన్న ఆవురావురుమంటూ తిన్నాడు. కంచంలో చేపను తిప్పి చూడలేదు. "నువ్వుండబట్టి తేలింది చెల్లీ. లేకపోతే నాకు పిచ్చెక్కేది" అన్నాడు, నా చెయ్యి పట్టుకుని. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాజుల సంగతి నాకింకా తేలలేదు. నేను కర్రపెండలం సంకటి ఇంకో ముద్ద వడ్డించాను.