హస్తవాసి మంచిదని తీసుకెళ్ళారు

ఆ రోజు పొద్దున జాకెట్టు ముక్క కత్తిరిస్తుంటే కత్తెర చేతిలోంచి జారిపోయింది. తీద్దామని వంగితే కుడిచెయ్యి నా మాట వినలేదు. ఎదురుగా కూర్చున్న పక్కింటి పద్మక్క, "ఏందే మస్తానీ, మూతి అట్టా పక్కకి పోతుంది?" అంది. ఏం లేదక్కా అని చెప్పబోయాను. నోట్లోంచి వచ్చింది మాట కాదు, వట్టి శబ్దం.

మాది గురజాల. నేను ఆడవాళ్ళ జాకెట్లు కుడతాను. మా ఆయన సుభాని నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పద్మక్క ఫోన్ చేయగానే పరిగెత్తుకొచ్చాడు. పక్షవాతమని అందరికీ అర్థమైంది, ఆలస్యం చేయకుండా కారు మాట్లాడారు. మావాళ్ళను నేను మెచ్చుకునేది అంతవరకే.

పిడుగురాళ్ళ చేరాక డ్రైవరు అడిగాడు. "ఎటు పోనియ్యమంటారు? గుంటూరా, నరసరావుపేటా?"

"పేటకే పోనియ్. మన డాక్టరు హస్తవాసి చానా మంచిది" అంది వెనక సీట్లో నా తల పట్టుకున్న అత్త.

అత్తకు టైఫాయిడ్ తగ్గించింది ఆయనే. ఆడపడుచుకు కామెర్లు తగ్గించిందీ ఆయనే. జ్వరాలకు ఆయన చెయ్యి మంచిదే కావచ్చు. నాకు వచ్చింది జ్వరం కాదు. ఆ సంగతి అరిచి చెప్పాలనుంది. అన్నీ వినబడుతున్నాయి, అన్నీ అర్థమవుతున్నాయి, మాట మాత్రం రాదు. కారు పేట వైపు తిరిగింది.

ఆ ఆస్పత్రి వైభవం చెప్పాలి. నేలంతా గ్రానైటు, గోడకు చేపల తొట్టి, గుమ్మం మీద 'స్ట్రోక్ సెంటర్' అని తళతళలాడే కొత్త బోర్డు. బోర్డు రాయించడానికి డాక్టరు అక్కర్లేదు, పెయింటరు చాలు. తలకు సీటీ స్కాన్ తీశారు. డాక్టరు గారు వచ్చి నా తల మీద చెయ్యి వేసి, "భయపడకమ్మా, తలలో బ్లీడ్ లేదు" అన్నారు. మావాళ్ళు ఆ చెయ్యిని దేవుడి చెయ్యి చూసినట్టు చూశారు. బ్లీడ్ లేకపోతే అది రక్తం గడ్డకట్టిన క్లాట్ అని, దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే అంత మంచిదని మాకు తర్వాత తెలిసింది. ఆయనకు అప్పుడే తెలుసు.

"సార్, ఏదో ఇంజెక్షన్ ఉందంట గదా, ఎయ్యరా?" అని, ఫోన్లో ఎవరో చెప్పిన ముక్క పట్టుకుని సుభాని అడిగాడు.

"రిస్క్ ఉంటుంది. అబ్జర్వేషన్‌లో పెడదాం."

రిస్క్ ఎవరికో చెప్పలేదు. ఆయన ఆ ఇంజెక్షన్ ఒక్కరికి కూడా ఇచ్చి ఎరగడట. ఆ మాట తర్వాత అంబులెన్సులో మాతో వచ్చిన నర్సు చెప్పింది. అబ్జర్వేషన్ అంటే ఏమిటో కూడా నేర్చుకున్నాను. ఏసీ గదిలో సెలైన్ ఎక్కించి, మనిషికి చెయ్యి పోతుంటే అందరూ కూర్చుని చూడడం. నీరసంగా ఉంది, కొబ్బరినీళ్ళు పట్టమన్నారు. అత్త పట్టింది. పొలమారి ఊపిరాడక గిలగిల్లాడాను. మధ్యాహ్నానికి కాలు కూడా లేవకపోయేసరికి అబ్జర్వేషన్ ముగిసింది. "గుంటూరు తీసుకెళ్ళండి" అన్నారు.

గుంటూరులో మేం వెళ్ళింది రోజూ స్ట్రోకులు చూసే ఆస్పత్రి. అక్కడి డ్యూటీ డాక్టరు చిన్నవయసు అమ్మాయి. నవ్వలేదు, తల నిమరలేదు. "చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు?" అని మొదటే అడిగింది. పేటలో నేనేం తిన్నానో అడిగారు గానీ, ఈ మాట ఒక్కరూ అడగలేదు. సుభాని చెప్పింది విని ఆమె, "నాలుగున్నర గంటల్లోపు పడాలి, ఇంజెక్షన్ టైం దాటిపోయింది. ముందే ఎందుకు రాలేదు?" అంది. ఇంకో స్కాన్ తీసి, క్లాట్ చిన్న నరంలో ఉంది, ట్యూబు పంపి తీయడం కుదరదన్నారు. నర్సు చెంచాడు నీళ్ళు నా నోట్లో పోసి, గొంతు కదలిక చూసి, "నోటితో ఏమీ ఇవ్వొద్దు" అంది. అప్పటికే కొబ్బరినీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. న్యుమోనియా వచ్చి ఐసీయూలో పడ్డాను. చచ్చిపోతానని భయమేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

నేరుగా గుంటూరు వెళితే చెయ్యి మొత్తం వచ్చేదా? వచ్చేదని అక్కడి డాక్టర్లు కూడా చెప్పలేదు. అవకాశం ఉండేదన్నారు. ఆ అవకాశం పేటలో చేపల తొట్టి పక్కన పోయింది.

ఇంటికొచ్చాక చుట్టాలు చూడటానికి వచ్చారు. అందరిదీ ఒకటే పాట. అత్త మిఠాయి డబ్బా తెప్పించింది, పేట డాక్టరుకి ఇచ్చి రావాలట. "ఆయన చెయ్యి పడబట్టే బతికావే" అంది. స్పీచ్ థెరపీలో నేను అప్పటికి అమ్మ, ఆవు దాటి చిన్న చిన్న మాటల దాకా వచ్చాను. ఒక్కో మాటా కూడదీసుకుని అన్నాను.

"ఆయన చెయ్యి పడబట్టే... నా చెయ్యి పడిపోయింది."

మిఠాయిలు ఇంట్లో పిల్లలే తిన్నారు.

ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను. కత్తెర పట్టలేను. చీరలకు ఫాల్స్, జాకెట్లకు హుక్స్ కుడుతున్నాను. కుడిచెయ్యి గుడ్డను అదిమిపడుతుంది, ఎడమచెయ్యి సూది పడుతుంది.

నేను చెప్పేది ఒక్కటే. మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా కారెక్కుతూనే ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి. "స్ట్రోక్ ఇంజెక్షన్ మీ దగ్గర ఇస్తారా? ఈమధ్య ఎవరికైనా ఇచ్చారా?" అని అడగండి. సమాధానం సూటిగా రాకుండా, మా సారు హస్తవాసి చాలా మంచిదండీ అని మొదలైతే ఫోన్ పెట్టేసి, ఇచ్చేచోటికి పొండి. అడగడానికి మొహమాటమెందుకు? జాకెట్టు గుడ్డ ఇచ్చేముందు నన్ను వంద ప్రశ్నలు అడుగుతారు.

మొన్న ఒకామె బోట్ నెక్ జాకెట్టుకి పట్టుగుడ్డ తెచ్చింది. నా చెయ్యి వంక చూసి, "ఈ మోడలు ఎడమచేత్తో ఎప్పుడన్నా కుట్టావా మస్తానీ?" అని అడిగింది.

"లేదమ్మా, కుట్టలా. గుడ్డ పాడైద్ది. చేతనైనోళ్ళకియ్యి" అన్నాను.

నా వంకర నోటితో ఆ మాట పూర్తిచేసేసరికి చాలాసేపు పట్టింది. చక్కటి నోరున్న ఆ డాక్టరుకి అదే మాట రాలేదు.