మాటల్లేని జత

ఆదోనిలో మా పత్తిమిల్లులో ఇద్దరు హమాలీలు తొమ్మిదేళ్లుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదని తెలిసిన రోజు నేను నోరు వెళ్లబెట్టాను. ఎందుకంటే వాళ్లిద్దరూ జత. పత్తిగింజల బస్తాకు చెరో కొసా పట్టి, ఊపి, తలకంటే ఎత్తున్న బస్తాల నెట్టు మీదికి ఎక్కించేవాళ్లు. మిగతా జతలు "హూ" అని కేక వేసుకుంటే తప్ప బస్తా లేపవు. వీళ్లకు ఆ కేక కూడా ఉండేది కాదు. అయినా అందరికంటే తేలిగ్గా లేచేది వీళ్ల బస్తానే.

నేను ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి ఆ మిల్లు ఆఫీసు చూసుకునేదాన్ని. కూలీల హాజరు, సెలవులు, గొడవలు అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. అప్పుడే కర్నూలులో రెండు రోజుల శిక్షణకు వెళ్లొచ్చాను. పనిచోట తగాదాలు ఎలా తీర్చాలో తెర మీద బొమ్మలు వేసి చెప్పారు. తీర్చడానికి ఒక తగాదా దొరికితే బాగుండునని కాచుకుని ఉన్నాను.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఇద్దరిలో పొడుగాయన, హాలహర్వి వైపువాడు, మేస్త్రీతో అన్నాడు: "వానొస్తాందని ఆయప్పకు సెప్పు."

ఆయప్ప అంటే మూరెడు దూరంలో నిలబడ్డ ఆయన జతగాడే, కృష్ణగిరివాడు. మేస్త్రీ కిక్కురుమనకుండా ఆ కబురు మూరెడు దూరం మోశాడు. చూస్తున్న నాకు ఒళ్లు మండింది.

ఇద్దరినీ ఆఫీసులోకి పిలిచి ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టాను. మనసులో ఉన్నది చెప్పుకోమన్నాను. అరగంటసేపు ఇద్దరూ నా వెనక గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నారు. వాళ్లు వెళ్లాక మేస్త్రీ నెమ్మదిగా, కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేడమ్ అన్నాడు. నాకసలే ముక్కు మీద కోపం. ఆ మాటతో పంతం కూడా పెరిగి, మర్నాటి నుంచి ఆ జతను విడగొట్టి చెరొక కొత్త జతగాడిని ఇచ్చాను. రిజిస్టరులో 'సమస్య పరిష్కారమైంది' అని రాసి సంతకం కూడా చేశాను.

మూడో రోజు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కృష్ణగిరాయన కొత్త జతగాడు "హూ" అన్నాకే బస్తా లేపే మనిషి. ఈయన చేతులు కేక కోసం ఆగడం ఏనాడో మరిచిపోయాయి. ముందే లేపాడు. బరువంతా ఒక్క భుజం మీదికి వచ్చింది. ఆయన అరవలేదు. నేలమీద చతికిలబడి, తన చేతిని ఇంకెవరిదో అన్నట్టు చూసుకున్నాడు. అందరికంటే ముందు పరిగెత్తింది హాలహర్వి ఆయనే. పెదవి విప్పకుండా తన తలగుడ్డ తీసి, ఆ చేతిని మెడకు కట్టి, ఆటో ఎక్కించి, తనూ ఎక్కాడు.

నేనూ వెనకే వెళ్లి, ఆస్పత్రి వరండాలో హాలహర్వి ఆయన పక్కన నిలబడ్డాను. ఏదో ఒకటి అనాలి కదా అని, ఇన్నేళ్ల కోపం ఇవాళ్టికి పోయినట్టుందే అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"కోపం యాడిది మేడమ్? మేము నోరు తెరిస్తే కొట్లాటే. ఒకనాడు బస్తాల కొక్కేలు పట్టుకోని ఒకరి మీదికి ఒకరు లేచినాము. సచ్చిపోయేటోళ్లం. ఆ పొద్దే ఇద్దరమూ అనుకున్నాము, మాటలు మానేస్తే పని నిలుస్తాదని. తొమ్మిదేండ్లు నిలిచింది."

నేను తీర్చబోయిన తగాదాను వాళ్లు తొమ్మిదేళ్ల కిందటే తీర్చుకున్నారు, ఏ శిక్షణా లేకుండా. నేను తగుదునమ్మా అని దూరి దాన్ని చెడగొట్టాను. సిగ్గుతో రెండు రోజులు అన్నం సయించలేదు.

కృష్ణగిరాయన విరిగిన భుజం అతుక్కుంది గానీ ఆ చెయ్యి మళ్లీ తలకంటే పైకి లేవలేదు. ఆయనిప్పుడు నెట్టు నీడన కూర్చుని దబ్బనంతో బస్తాల మూతులు కుడతాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. హాలహర్వి ఆయనకు వేరే జతగాడు వచ్చాడు. కిటికీ మూసినా నాకు వినబడుతూనే ఉంటుంది, బస్తా బస్తాకూ ఆయన "హూ" అని వేసే కేక.