కుడి చేతులన్నీ ఆగిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు, బడి రిజిస్టరు ప్రకారం నాకు పదకొండేళ్లప్పుడు, మా అమ్మ లెక్క ప్రకారం పదేళ్లప్పుడు, మా నాయనమ్మకు పక్షవాతం వచ్చింది. అమ్మ లెక్కే సరైనది. బడిలో చేర్చుకోరేమోనని నాన్న ఒక ఏడాది ఎక్కువ వేయించాడు. ఈ ఏడాది నాకూ అదే జబ్బు వచ్చి కుడివైపు పడిపోయింది కనుక, ఆ రోజులు ఇప్పుడు ఒకదాని వెంట ఒకటి గుర్తుకొస్తున్నాయి. నేను చెప్పబోయే మధ్యాహ్నం శ్రావణంలోదని మా చెల్లెలు అంటుంది. కాదు, ఆషాఢమే. కొత్తగా పెళ్లయిన మా అక్క అప్పుడు మా ఇంట్లో ఉంది. ఆషాఢం కాకపోతే వాళ్ల అత్తగారు పంపేది కాదు.

వరంగల్ స్టేషన్‌కు దగ్గరలోని ఒక గల్లీలో మాకు రెండు వాటాల ఇల్లు ఉండేది. ఆ ఇంట్లో అన్నం కలపడం నాయనమ్మ పని. పొద్దు గూకే వేళకు పెద్ద పళ్లెంలో వేడి అన్నం, పప్పు వేసి కలిపి, చుట్టూ కూర్చున్న మాకు ముద్దలు పెట్టేది. ముద్ద మీద బొటనవేలితో చిన్న గుంట నొక్కి, అందులో పచ్చడి పెట్టేది. మొదటి ముద్ద నాది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, కానీ అది నాదని ఇంట్లో అందరికీ తెలుసు. చెల్లెలు ఎంత ఏడ్చినా ఆ వరస మారలేదు.

ఉగాది దాటాక ఒక పొద్దున ఆమె బావి దగ్గర కూలబడిపోయింది. దవాఖాన నుంచి తిరిగి వచ్చేసరికి మూతి ఒక పక్కకు పోయింది, మాట ముద్దగా వస్తోంది, కుడి చేయి ఒళ్లో పడి ఉంటుంది. ఆ చేతిని ఆమె ఎప్పుడూ కొంగు కింద దాచుకునేది. ఎడమ చేత్తో తినమంటే తల తిప్పుకునేది. కడుక్కునే చేత్తో అన్నం ముట్టడం ఆమెకు గిట్టని సంగతి. పోనీ మేము తినిపిస్తామంటే నోరు తెరిచేది కాదు. అమ్మ బతిమాలింది, నాన్న కోప్పడ్డాడు. నేను ముద్ద చేసి, బొటనవేలితో గుంట కూడా నొక్కి తీసుకెళ్లాను. ఆమె గోడవైపు తిరిగింది. ఆ ముద్దను పళ్లెంలో పడేసి నేను బయటికి వచ్చేశాను. తినకపోతే మనిషి దక్కదని డాక్టరు నాన్నతో చెప్పడం అంతకు ముందు రోజే విన్నాను.

పక్క వాటాలోకి కొత్తగా దిగిన ముస్లిం ఇల్లాలు అప్పుడు మా ఇంట్లో అడుగుపెట్టింది. వాళ్ల మాటలో అక్కను పిలిచినట్టు ఆమెను ఆపా అనేవాళ్లం. ఆమె పుట్టిల్లు కేసముద్రం, భర్తకు లారీ ఆఫీసులో పని. కడుపుతో ఉంది. ఒకరోజు గిన్నెలో సేమియా తెచ్చి, ముట్టని అన్నం పళ్లెం చూసి, ఎవరినీ అడగకుండా తలుపు దగ్గరకు వేసి నాయనమ్మ మంచం మీద కూర్చుంది. కాసేపటికి ఖాళీ పళ్లెంతో బయటికి వచ్చింది.

ఆ రోజు నుంచి అదే పద్ధతి అయింది. వండేది మా అమ్మ, తినిపించేది ఆపా, తలుపు బయట నేను. లోపల ఆమె గాజుల చప్పుడయ్యేది. ఆ చప్పుడు ఎన్నిసార్లు వినిపిస్తే అన్ని ముద్దలు వెళ్లినట్టని నేను వేళ్ల మీద లెక్కపెట్టేదాన్ని, ఒక్కో ముద్దకూ నా ఒళ్లు మండేది. నాయనమ్మ తింటున్నందుకు సంతోషించాలని నాకు తెలుసు. సంతోషం వచ్చేది కాదు. ఆపా వేళ్లు సన్నగా ఉంటాయని, గోళ్లు శుభ్రంగా ఉంటాయని, ఆమెది కొత్త చీరని, నాలో లేనిదేదో ఆమెలో ఉందని వెతుక్కునేదాన్ని. అమ్మకూ అంతే అనుకుంటాను. ఆపా వెళ్లిపోయాక గిన్నెలు కొంచెం గట్టిగా తోమేది.

ఒకరోజు ఉండబట్టలేక ఆపానే అడిగాను, నీ చేత్తోనే ఎందుకు తింటుందని. ఆమె నవ్వలేదు, నన్ను చిన్నపిల్లలా చూడలేదు.

“నేను మొన్నొచ్చినదాన్ని బిడ్డా. అవ్వ నడుస్తుంటె నేను చూడలే, అందరికి కలిపి పెడుతుంటె చూడలే. నాకు ఆమె ఎప్పటికి గిట్లనే. మీరు చూసిండ్రు. మీ ముందట నోరు తెరవాల్నంటే సిగ్గు.”

అర్థమైంది కానీ కోపం తగ్గలేదు. చూడకపోవడమే గొప్ప అయితే, చూసిన నేనేం పాపం చేశానని.

ఇంతలో ఆపాను పురిటికి తీసుకెళ్లడానికి మంగళవారం వాళ్ల అన్న వస్తాడని తెలిసింది. అమ్మ ముఖం పాలిపోయింది. నాకు మాత్రం ముందు సంతోషమే కలిగింది, ఆ తర్వాత భయం వేసింది. ఆమె వెళ్లాక నాయనమ్మ ఎవరి చేత్తో తింటుంది?

ఆదివారం పొద్దున, నాన్న బయటికి వెళ్లాక, ఆపా రోలు దగ్గర కూర్చుని గోరింటాకు నూరింది. ఆషాఢంలో గోరింటాకు మాకు మామూలే, కానీ రాత్రి అన్నాలు తిన్నాక పెట్టుకుని పడుకుంటాం. ఈమె మధ్యాహ్నం అన్నానికి ముందే పెడతానని, అది కూడా అందరికీ కుడి చేతికేనని కూర్చుంది. మన పద్ధతి తెలియదు పాపం, వెళ్లిపోయే పిల్ల, కాదనడమెందుకు అని అమ్మ చేయి చాపింది. అక్క చాపింది. చెల్లెలు, నేను చాపాం. అందరికన్నా ముందు మాత్రం నాయనమ్మకు పెట్టింది. కొంగు కింది నుంచి ఆ చేతిని బయటికి తీసి, ముడుచుకున్న వేళ్లను ఒక్కొక్కటే నిదానంగా విప్పి, అరచేతిలో చందమామ, వేళ్లకు టోపీలు పెట్టింది. నాయనమ్మ ఆ చేతిని ఎవరి చేతినో చూసినట్టు చూసింది.

తర్వాత అమ్మ ఎడమ చేత్తోనే తంటాలు పడుతూ పళ్లేలు వడ్డించింది. నాయనమ్మ ఆపా వైపు చూసింది. ఎప్పటిలాగా తలుపు వేసి తినిపిస్తుందని ఆమె లెక్క. ఆపా తన కుడి చేయి పైకెత్తి చూపించింది. దానికి కూడా నిండా గోరింటాకే.

“నాది గూడ బందే అవ్వా. ఈ పూట ఈ ఇంట్ల కుడి చెయ్యి లేదు ఎవ్వరికి.”

అమ్మకు అప్పుడు అర్థమైనట్టుంది. అక్క మాత్రం ఎండేదాకా ఆగుతానంది. నాకు ఆకలి వేస్తోంది. ఎడమ చేత్తో అన్నం తీశాను. సగం ఒళ్లో పడింది, పప్పు గడ్డం మీదికి జారింది. చెల్లెలు నన్ను చూసి నవ్వుతూ తానూ మొదలుపెట్టి ముక్కుకు రాసుకుంది. అప్పుడు ఒక చప్పుడు విన్నాం. నాయనమ్మ నవ్వుతోంది. మూతి ఒక పక్కకే కదులుతోంది కానీ అది నవ్వే.

నవ్వు ఆగాక ఆమె నా పళ్లెం వైపే చూస్తూ ఉంది. ఆ చూపు నాకు తెలుసు. నేను ఆపా చేతిని చూసే చూపు అది. అన్నం కలపడం తన పని, ఒక పిల్ల దాన్ని పాడు చేస్తోంది, పైగా తింటోంది.

“గట్ల గాదే పోరీ,” అంది ముద్దగా. “ముందుగాల ముద్ద చెయ్యాలె.”

ఎడమ చేయి తన పళ్లెంలో పెట్టింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత కలిపింది. మెతుకులు జారిపోయాయి, మళ్లీ దగ్గరికి తీసింది. ముద్ద గుండ్రంగా రాలేదు. దాన్ని పట్టుకుని ఏం చేయాలో తెలియనట్టు చూసింది. అది ఎడమ చేయి అన్న సంగతి ఆమెను ఎంత బాధిస్తోందో నాకు కనిపిస్తూనే ఉంది. నేను ముందుకు వంగి నోరు తెరిచాను.

ఆ ముద్దలో ఉప్పు తక్కువ. అయినా మొదటి ముద్ద నాదే అయింది. నా తర్వాత రెండోది ఆమె తన నోట్లో పెట్టుకుంది. తలుపు తెరిచే ఉంది, అందరం అక్కడే ఉన్నాం. అమ్మ నీళ్ల చెంబు కోసమన్నట్టు లేచి లోపలికి వెళ్లింది. “నాకు లేదా అవ్వా?” అని ఆపా మూతి ముడిచింది. మూడోది ఆమెకు పెట్టింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, అది నాకు అప్పుడు కూడా నచ్చలేదు.

సాయంత్రం కడుక్కుని చూసుకుంటే అందరికన్నా ఎర్రగా పండింది నాయనమ్మ చేయి. కదలని చేయి కదా. కొత్త పెళ్లికూతురి చేయి వెలవెలబోయిందని అక్క రెండు రోజులు మూతి ముడుచుకుంది. నాయనమ్మ ఆ చేతిని కొంగు మీద పెట్టుకుని కూర్చుంది, వచ్చినవాళ్లకు కనిపించేలా.

మంగళవారం ఆపా వెళ్లిపోయింది. ఆమెను నేను మళ్లీ చూడలేదు. నాయనమ్మ నడక పూర్తిగా తిరిగి రాలేదు, మాట కొంత వచ్చింది. బయటివాళ్లు ఉంటే ఎడమ చేత్తో తినేది కాదు. మా ముందు తినేది.

ఇప్పుడు నాకు ఒళ్లు తుడవడానికి, తల దువ్వడానికి పొద్దున ఒకామె వస్తుంది. మనిషి మంచిది. రోడ్డు మీద ఎవరైనా కుడి చేత్తో సంచి మోసుకుపోతుంటే నాకు కడుపు మండుతుందని ఆమెకు చెప్పగలను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా కోడలు ఏదో పని ఉన్నట్టు గదిలోకి వచ్చి, ఆ దువ్వెన వైపు చూసి వెళ్లిపోతుంది. తర్వాత వంటింట్లో గిన్నెల చప్పుడు గట్టిగా వినిపిస్తుంది. ఇరవై ఆరేళ్లుగా ఈ ఇంట్లో నా పెత్తనం చూసిన మనిషి ఆమె. అందుకే ఆమె ముందు ఇలా కూర్చోవడం నాకు కష్టం.

నిన్న పొద్దున ఆ పనామెను టీ తాగి రమ్మని పంపి, కోడలిని పిలిచాను. నా తల నువ్వు దువ్వమ్మా అన్నాను. ఆమె దువ్వెన తీసుకుని నా వెనక కూర్చుంది. చిక్కులు తీయడం రాదు ఆమెకు, రెండుసార్లు లాగింది, పాపిట వంకరగా తీసింది. వంకర పాపిట నాకు ఎన్నడూ నచ్చదు. దువ్వుతున్నంతసేపూ, రోడ్డు మీద సంచి మోసేవాళ్లను చూస్తే నాకేమవుతుందో ఆమెకు చెప్పాను. ఆ పాపిటతోనే వెళ్లి వాకిట్లో కూర్చున్నాను.