మట్టెల మచ్చ

ఒడిశాలోని జయపురంలో నేను పనిచేసిన బట్టల దుకాణంలో పెళ్లి పట్టుచీరలు చూపించేది నేనే. అక్కడ ఉండాలంటే మాత్రం నాకు పెళ్లి కాకూడదు. పెళ్లయిన ఆడవాళ్లు వద్దని యజమాని ముందే చెప్పేశాడు. ఇవాళ కడుపంటారు, రేపు పిల్లకి జ్వరమంటారట. మగవాళ్లను ఆ మాట అడగలేదు. వాళ్ల పిల్లలకు జ్వరాలు రావు కాబోలు.

మా ఆయన ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాడు. కాంట్రాక్టరు మారగానే ఆయన గేటు పాసు పోయింది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఇక నా జీతమే. అందుకని పెళ్లి కాలేదని చెప్పి చేరాను. పుస్తెలతాడు యూనిఫాం కుర్తా లోపల దాగేది. మట్టెలు దాగవు. కొట్లో పరిచిన పరుపు మీద చెప్పుల్లేకుండా నిలబడి చీరలు పరచాలి. రోజూ మా ఊరు సెమిలిగుడలో బస్సుకు బయల్దేరేముందు అవి తీసి దేవుడి గూట్లో పెట్టి, రాత్రి వచ్చి మళ్లీ తొడుక్కునేదాన్ని.

"మొగుడు బతికుండగా మట్టెలు తియ్యకూడదే అమ్మి. నా కొడుక్కి కీడు," అనేది మా అత్త. మామగారు పోయిన రోజు తన మట్టెలు తీయించుకున్న మనిషి. బస్సు ఘాట్ రోడ్డు దిగినంతసేపూ మా ఆయన బాగుండాలని దండం పెట్టుకునేదాన్ని.

ఒకరోజు మన తెలుగు పెళ్లివారే వచ్చారు. పెళ్లికూతురి భుజాన చీర వేస్తుంటే, కింద కూర్చున్న నాయనమ్మ నా కాళ్లు చూసింది. మట్టెలుండే చోట చర్మం తెల్లగా మచ్చ కట్టింది. ఆ వేలు ముట్టుకుని జాలిగా అడిగింది.

"ఇంత సిన్న వయసులోనే పోయేడా అమ్మి, నీ మొగుడు?"

యజమాని గల్లా దగ్గరే ఉన్నాడు. తెలుగు బాగా తెలిసినవాడు. ఔనంటే ఉద్యోగం నిలిచేదేమో, మొగుడు పోయినదానికి కడుపు భయం ఉండదు కదా.

"ఉన్నాడండి," అన్నాను.

సాయంత్రమే ఇక రావద్దన్నాడు. అంతకు ముందు వారమే మా సేల్స్‌మన్ పెళ్లి చేసుకుని మిఠాయిలు పంచితే, సంసారి అయ్యాడని జీతం పెంచాడు. ఆ మిఠాయి నేనూ తిన్నాను. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకన్నట్టు, అది తలుచుకునే ఎక్కువ ఏడ్చాను.

కొరాపుట్‌లో ఒక లాయరును అడిగితే, పనిలో ఆడా మగా తేడా చూడకూడదని చట్టం ఉందన్నాడు. కానీ వాళ్లు నిన్ను తీసింది పెళ్లయినందుకు కాదు, అబద్ధమాడినందుకంటారమ్మా అన్నాడు. ఆ అబద్ధం ఆడించింది ఎవరని అడుగుదామనుకుని, అడక్కుండానే లేచి వచ్చేశాను.

ఉద్యోగం పోయిన రాత్రి నుంచీ మట్టెలు ముట్టుకోలేదు. ఇక ఎవరికీ దాచక్కర్లేదు కదా అని, లాయరు దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు పొద్దున తొడుక్కోబోతే, మా అత్త నా చెయ్యి పట్టుకుంది.

"అప్పుడే వద్దు. ఎండలో కాళ్లు సాపుకుని కూకో. మచ్చ కలిసిపోతే ఇంకో కొట్లో అడుగుదువు గాని."

వీధి గుమ్మంలో ఇద్దరం కాళ్లు చాపుకుని కూర్చున్నాం. మా ఆయన టీ పట్టుకొచ్చాడు. వరసగా ఉన్న మా ఇద్దరి బోసి వేళ్లూ చూసి, గ్లాసులు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.