మూడో మంచం కింద కోడిపిల్ల

నర్సింగు పాసై కొత్తగా తెల్ల యూనిఫాం తొడుక్కున్న రోజుల్లో, నాకు భయమంటే తెలియదని నేను నిజంగానే నమ్మేదాన్ని. రక్తం చూశాను, కుట్లు చూశాను, శవాల గది పక్కన నిలబడి ఉప్మా కూడా తిన్నాను (గది తలుపు మూసి ఉందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పేదాన్ని కాదు). ఇంట్లో బల్లి కనిపిస్తే మా అమ్మ నన్నే పిలిచేది. అటువంటి నన్ను ఎనిమిది మంచాల చిన్నపిల్లల వార్డొకటి, పట్టపగలు, మూడు రోజుల పాటు వణికించింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు మొదలయ్యే ముందు మెడ వెనక చల్లగా ఏదో పాకినట్టు ఇప్పటికీ ఒక్క క్షణం అనిపిస్తుంది.

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా, పిల్లల కళ్లకూ చెవులకూ మాత్రమే వైద్యం చేసే చిన్న ఆసుపత్రి అది. నేను దేవరయాంజాల్ నుంచి షేర్ ఆటోలో వచ్చేదాన్ని. రేకుల కప్పుతో రైలు పెట్టెలా పొడుగ్గా ఉండే ఆ వార్డులో, కిటికీల వైపు నాలుగు మంచాలు కళ్ల పిల్లలవి, గోడ వైపు నాలుగు మంచాలు చెవుల పిల్లలవి. స్టీలు ప్లేటు కింద పడితే సగం మంది పిల్లలు తిరగనే తిరగరు. మిగతా సగం మంది తిరుగుతారు గాని చూడరు. మొదటి రోజు ప్లేటు పడేసింది నేనే. చప్పుడు ఆగేసరికి కట్లు కట్టిన నాలుగు ముఖాలు సరిగ్గా నావైపు తిరిగి ఉన్నాయి, ఎదురుగా నలుగురు ఏమీ జరగనట్టు బొమ్మలు గీసుకుంటున్నారు. ఎందుకో నేను గుసగుసగా "సారీ" అన్నాను. ఎవరికి చెప్పానో నాకే తెలియదు.

వార్డు పెద్ద సిస్టర్ ఎప్పుడూ చేతిలో టార్చిలైటుతో తిరిగే మనిషి. మొదటి రోజే నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "కండ్ల పిల్లల కాడికి పోయేటప్పుడు ముందు నీ గొంతు ఇనవడాలె, తర్వాత చెయ్యి తాకాలె. చెవుల పిల్లల కాడికి పోతే ముందు మొకం కనవడాలె. ఎన్కనుంచి పోయి ముట్టుకున్నవనుకో, జడుసుకుంటరు." నేను బుద్ధిగా పుస్తకంలో రాసుకున్నాను. నన్నే ఎవరైనా వెనక నుంచి ముట్టుకుంటే ఏం చేయాలో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

కిటికీల వైపు మూడో మంచం సర్పంచ్‌ది. ఎనిమిదేళ్ల పిల్ల. ఫ్యాన్ ఎవరు వేయాలో, పాలు ముందు ఎవరు తాగాలో మంచం మీద నుంచే ఉత్తర్వులు ఇస్తుందని ఆ పేరు పెట్టాం. పుట్టుకతోనే రెండు కళ్లకూ శుక్లాలు. ఒక కంటికి ఆపరేషన్ అయింది. దాని మీద గట్టి ప్లాస్టిక్ మూత అతికించి ఉంది. రెండో కంటికి ఇంకా కాలేదు కాబట్టి ఆ కంటికి వెలుగూ చీకటీ తప్ప ఏదీ అందదు. మూత కదలకూడదు, పిల్ల కన్ను నలపకూడదు. నలిపితే లోపలి గాయం విడిపోతుంది, చూపే పోవచ్చు. రెండు గంటలకోసారి మూత అంచు సందులోంచి చుక్కల మందు వేయడం, ఆ చేతులను కనిపెట్టి ఉండడం నా పని. తోడుగా వాళ్ల అవ్వ ఉండేది. భోజనం కాగానే చుట్ట కాల్చుకోవడానికి గేటు బయటకు వెళ్లి గంట దాకా వచ్చేది కాదు.

గోడ వైపు సర్పంచ్‌కు ఎదురు మంచం మున్నీది. శామీర్‌పేట పిల్ల, ఏడేళ్లు. పుట్టినప్పటి నుంచి వినికిడి చాలా తక్కువ, మాటలు రాలేదు. ఒక చెవిలో చీము పట్టి ఆపరేషన్ చేస్తే తల చుట్టూ తెల్లటి కట్టు కట్టారు. రెండో చెవికి కొత్తగా వినికిడి మిషన్ పెట్టారు. చెవి ఆపరేషన్ తర్వాత కళ్లు తిరిగి పడిపోతారని, మంచం దిగొద్దని నేను మున్నీకి వేలు చూపించి, గుడ్లు ఉరిమి సైగలు చేశాను. ఆమె తల ఊపింది. ఆ తల ఊపుడును నేను పూర్తిగా నమ్మాను.

మధ్యాహ్నం రెండింటికి ఆకుపచ్చ తెరలు లాగేసి పిల్లలను పడుకోబెట్టేవాళ్లం. మొదటి మధ్యాహ్నం చుక్కల మందు పట్టుకుని వెళ్లాను. అవ్వ లేదు. మున్నీ వాళ్ల అమ్మ వెనక వరండాలో నమాజుకు వెళ్లింది. మున్నీ నిండా దుప్పటి కప్పుకుని పడుకుంది. వార్డంతా పచ్చటి మసక. పెద్ద సిస్టర్ చెప్పినట్టే ముందు గొంతు వినిపించాను. "నేనే బిడ్డా, కొత్త సిస్టర్ని."

"నువ్వు నాకు ఎర్కే," అంది సర్పంచ్. "ఇప్పటిదాక నా పక్కన కూసున్నదెవరు?"

"ఎవ్వలు లేరు. అవ్వ బయటికి పోయింది."

"అవ్వ గాదు. అవ్వ చెయ్యి గరుకుంటది. గిది సల్లగ, సన్నగ ఉంది. ఎవరంటే పలుకలే. నువ్వు రాంగనే కిందికి పోయింది."

"కిందికా?"

"ఆఁ. భూమిలకు."

అప్పుడు వినిపించింది. చాలా సన్నగా, ఆగి ఆగి, "కుయ్య్..." అని. ఎక్కడి నుంచో చెప్పలేం. గదిలోనే ఉంది, గదిలో ఏ వస్తువు దగ్గరా లేదు. ఒకటో మంచం మీద కళ్లకు కట్టుతో పడుకున్న పిల్లవాడు నిద్రలోనే అటు తల తిప్పాడు. గోడ వైపు ఒక్కరూ కదలలేదు. మంచం కిందికి వంగి చూడాల్సింది. కొత్త యూనిఫాం నలుగుతుందని చూడలేదు (ఇది ఆ రోజు నాకు నేను చెప్పుకున్న మాట). చుక్కలు వేసి, నడవకుండా, పరుగెత్తకుండా, ఆ రెంటికీ మధ్యలో ఏదో చేస్తూ బయటకు వచ్చాను.

వార్డు ఊడ్చే ఆయమ్మకు చెప్పడం నేను చేసిన రెండో తప్పు. ఫోన్‌లో దయ్యాల వీడియోలు చూస్తూ అన్నం తినే మనిషి ఆవిడ. అంతా విని, ముద్ద ప్లేటులో పెట్టేసి అంది. "నీకు తెల్వదా సిస్టరమ్మా? దవాఖాన కట్టకముందు గిది కోళ్ల ఫారం. గీ షెడ్డుల వేల కోళ్లుండె. ఏదో రోగమొచ్చి అన్నీ ఒక్కపారి సచ్చిపోతే ఇక్కడనే గుంట దీసి పూడ్చిండ్రు. కుయ్యిమన్నదా? గది కోడిపిల్ల కూతనే."

నాకు నవ్వొచ్చింది. "కోళ్లు దయ్యాలైతయా ఆయమ్మా?"

"మనిషి దయ్యమైతె మంత్రానికి ఇంటది," అంది ఆమె దిగులుగా. "కోడికి ఏ భాషల చెప్తవ్?"

నవ్వు సగంలో ఆగిపోయింది. రెండో మధ్యాహ్నం కూడా అంతే: చల్లటి చెయ్యి, కూత, నేను రాగానే "కిందికి". ఈసారి నేను మంచానికి బారెడు దూరంలోనే ఆగి, చెయ్యి చాచి చుక్కలు వేశాను. ఒక చుక్క పిల్ల ముక్కు మీద పడింది. "సిస్టర్, మందు ముక్కుకు గాదు, కంటికి," అంది సర్పంచ్. ఆపైన తగ్గు గొంతుతో, "గుంటలకెళ్లి వస్తాందట గదా, నిజమేనా?" అంది. ఆయమ్మ కథ వార్డంతా తిరిగిందన్నమాట. పిల్ల రెండు చేతులూ మూత వైపు వెళ్తూ ఆగుతూ ఉన్నాయి. "జెరంత లేపి చూస్త సిస్టర్. ఒక్కపారే. ఎవరో చూడకుంటే నాకు పానం ఆగుతలేదు." నేను బతిమాలి ఆ చేతులు దించాను. ఆ సాయంత్రం ఆటోలో కూర్చున్నా ఆ మాటే. దయ్యం సంగతేమో గాని, పిల్ల కన్ను పోతే దానికి కారణం ఒక కథ, ఆ కథను మొదలుపెట్టింది నేను.

మర్నాడు పొద్దున ఆయమ్మ నా చేతిలో ఒక నిమ్మకాయ పెట్టి, "జేబుల ఏస్కో, ఎవరికీ చెప్పకు," అంది. నాలుగేళ్లు నర్సింగు చదివిన నేను దాన్ని జేబులో వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

మూడో మధ్యాహ్నం అవ్వ బయటకు వెళ్లలేదు. మేడ్చల్ మార్కెట్ పక్కన ఎవరో ఇచ్చిన బూడిద పొట్లం విప్పి, మనవరాలి ముఖం మీద ఊదడానికి వంగి ఉంది. నేను పరుగెత్తి పొట్లం మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆగవ్వా! కంట్ల పడితె ఆగమైతది!"

"నువ్వు జరుగు పోరీ. పిల్లకు గాలి సోకింది. రెండు దినాలాయె, పానం పానం లేదు దానికి."

"గాలీ లేదు, దయ్యం లేదవ్వా! సదువుకున్నదాన్ని చెప్తున్న, ఇను. గివన్నీ ఉత్త మూఢనమ్మకాలు!" అంటూ గట్టిగా చెయ్యి విసిరాను. ఆ విసురుకు జేబులోంచి నిమ్మకాయ ఎగిరి కింద పడింది. మా ఇద్దరి మధ్యా రెండు గెంతులు గెంతి, తీరిగ్గా దొర్లుకుంటూ మూడో మంచం కిందికి వెళ్లిపోయింది. అవ్వ ఆ నిమ్మకాయ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. పొట్లం మడిచి కొంగున ముడేసుకుంది. దానికన్నా తిట్టినా బాగుండేది.

చేసేది లేక మోకాళ్ల మీద కూర్చుని మంచం కిందికి వంగాను. కింద మసకలో మనిషి తలంత తెల్లటి ముద్ద ఒకటి ఉంది. ఆ ముద్దకు రెండు కళ్లున్నాయి. అవి నన్నే చూస్తున్నాయి. ఆ పక్క నుంచి సన్నటి చెయ్యి ఒకటి మెల్లగా ముందుకొచ్చింది. దాని మీద నా నిమ్మకాయ ఉంది.

నేను అరిచిన అరుపు బయట వంటగది దాకా వినిపించిందట. పక్కనే ఉన్న మున్నీకి మాత్రం అది అందనే లేదు. కట్టు కట్టిన తలతో అలాగే కూర్చుని, ఈ సిస్టర్ ఇంత పెద్దగా నోరెందుకు తెరిచిందో అర్థం కాక, నిమ్మకాయను ఇంకాస్త ముందుకు చాచింది.

కానీ నా అరుపు సర్పంచ్ విన్నది. "వచ్చిందా? వచ్చిందా?" అని కేకేస్తూ రెండు చేతులతో మూత పట్టుకుంది. ఒక పక్క అతుకు ఊడిపోయింది కూడా. నేను లేస్తూ మంచం పట్టీకి తల కొట్టుకుని, ఆ నొప్పితోనే మీద పడి ఆమె మణికట్లు పట్టుకున్నాను. పిల్ల తన్నుతోంది, అవ్వ శోకాలు పెడుతోంది, నా కాళ్లు మాత్రం పారిపొమ్మంటున్నాయి. చేతులు వదిలితే కన్ను పోతుంది. వదల్లేదు. (ఆ మూడు రోజుల్లో నేను చేసిన సరైన పని ఇదొక్కటే, అందుకే కాస్త గట్టిగా చెప్పుకుంటున్నాను.)

అంతలో మున్నీ మంచం కింద నుంచి పాకి వచ్చింది. నా వైపు బెదురుగా చూసి, తిట్టనని తెలుసుకున్నాక, సర్పంచ్ పక్కన ఎక్కి కూర్చుంది. ఆమె చెయ్యి తీసుకుని, మిషన్ పెట్టిన చెవిని ఆమె చెంపకు ఆనించింది. "కుయ్య్..."

సర్పంచ్ తన్నడం ఆపేసింది. "గిదే," అంది. "గిదే చెయ్యి!" తర్వాత ఆ చేతిని మోచేతి దాకా, భుజం దాకా, తల కట్టు దాకా తడిమింది. "గిది కోడి గాదు సిస్టర్. పోరి!"

పెద్ద సిస్టర్ టార్చితో పరుగున వచ్చింది. ముందు చేతులు కడుక్కుంది, మూత తీసి కన్ను చూసింది, ఎంతోసేపు చూసింది.  "ఏం గాలే. మంచిగుంది," అని కొత్త మూత అతికించింది. ఆ తర్వాత మున్నీ చెవి దగ్గర వేలు పెట్టి మిషన్ అచ్చును లోపలికి నొక్కింది. కూత ఆగింది. వేలు తీసింది. మున్నీ చెవి సర్పంచ్ చెంప దగ్గరికి రాగానే మళ్లీ కుయ్యిమంది. పెద్ద సిస్టర్ నా వైపు తిరిగింది.

"చెవిల పెట్టే అచ్చు వదులైతే, దగ్గరికి ఏదన్న వచ్చినప్పుడల్లా మిషన్ కూత పెడ్తది. గీ పాఠం నీకు చెప్పలేదా?"

"చెప్పిండ్రు మేడమ్."

"పరీక్షల రాలేదా?"

"వచ్చింది మేడమ్. పూర్తి మార్కులొచ్చినయ్."

రోజూ పొద్దున అచ్చు సరిగ్గా కూర్చుందో లేదో చూడాల్సిన మనిషిని నేనే. ఎదురుగా మున్నీ మంచం మీద దుప్పటి తీస్తే, మనిషిలా పొడుగ్గా పెట్టిన దిండు ఉంది. అప్పుడే నమాజు ముగించి వచ్చిన మున్నీ వాళ్ల అమ్మ గుంపును చూసి హడలిపోయింది. "అరె, ఇధర్ క్యా కర్రీ తూ?" అని, ఇక్కడేం చేస్తున్నావన్నట్టు చేతులు తిప్పి బిడ్డను గద్దించి, నా వైపు తిరిగి, "మాఫ్ చెయ్యిన్రి సిస్టరమ్మా. మొన్న ఆపరేషన్ అయినంక ఆ పాప ఏడ్సుడు చూసింది. అప్పట్నుంచి గటే పోతనని సైగ జేస్తాంది. నేనే వద్దన్న," అంది. వద్దన్నది ఆమె ఒక్కతే కాదు. నేను గుడ్లురిమి వద్దన్నందుకే కదా, ఆ పిల్ల నా అడుగు కనబడగానే మంచం కింద దాక్కుంది!

రెండు రోజుల్లో కొత్త అచ్చు వచ్చింది. కూత పోయింది. అందరం సంతోషించాం, సర్పంచ్ తప్ప. "ఇగ అది వచ్చిందని నాకెట్ల ఎర్కైతది?" అని అలిగింది. దానికి పెద్ద సిస్టరే ఉపాయం చెప్పింది: వచ్చినప్పుడు మంచం పట్టీ మీద రెండు సార్లు కొట్టాలి. మున్నీకి అది ఎంత నచ్చిందంటే రోజుకు నలభైసార్లు వచ్చేది. మూత తీసి, సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టిన రోజు సర్పంచ్ మున్నీని దగ్గరగా లాక్కుని, ముక్కు నుంచి కట్టు దాకా చాలాసేపు చూసి, "దయ్యం మంచిగనే ఉన్నది," అని తీర్పు చెప్పింది. నన్ను చూసి మాత్రం, "సిస్టర్ గింత చిన్నగున్నదా? గొంతు ఇంటె పెద్ద మనిషనుకున్న," అంది.

జరిగింది రాసి ఇమ్మని పెద్ద సిస్టర్ నాతో ఒక రిపోర్టు రాయించింది. మంచం కింద పిల్ల దాగిందనీ, కొత్త అచ్చు పెట్టాక కూత ఆగిందనీ, పిల్లలిద్దరూ క్షేమంగా ఉన్నారనీ రాసి సంతకం పెట్టాను. ఆమె చదివి, కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, 'పిల్లలిద్దరూ' అన్న మాట మీద వేలితో ఒకసారి తట్టి ఫైల్లో పెట్టేసింది. ఎందుకు తట్టిందో ఇన్నేళ్లకు అర్థమైంది. ఆ మధ్యాహ్నం మూడో మంచం దగ్గర భయపడ్డ పిల్లలు ముగ్గురు. మూడో పిల్లకు ఇరవై రెండేళ్లు, తెల్ల యూనిఫాం, జేబులో నిమ్మకాయ.