బావ నోట ఒక్క మంచిమాట

ఇంతకుముందు నేను రాసినవి మీరు నమ్మకపోయినా నాకేం బాధ లేదు గానీ, ఇది మాత్రం అక్షరం అక్షరం నిజం. మా అవ్వ మీద ఒట్టు. అవ్వ పోయి పదేండ్లయింది, అది వేరే సంగతి.

నా భార్య అన్న, మా బావ, తెనాలి నుంచి వచ్చినాడు. మా పెండ్లి మాటలప్పుడు "ఆ రాళ్లసీమలోకా పిల్లనిచ్చేది?" అన్న మనిషి. ఇరవై రెండేండ్ల తర్వాత ఇదే మొదటిసారి రావడం. అన్న మాట ఆయన మరిచిపోయినాడు, నా భార్య మరిచిపోలేదు. పొద్దున కారు తీసేముందు నన్ను వంటింట్లోకి పిలిచి, "మా అన్న నోట మన సీమ గురించి ఒక్క మంచిమాట అనిపియ్యి, సాలు" అనింది. పుట్టింటి యాస పోయి ఆమె మాట ఎప్పుడో మా మాటైపోయింది.

ఏం చూపించేది? చూడదగ్గ ఊర్లంటూ ఇంటర్నెట్లో మా ఊర్ల పేర్లు రాసేవాళ్లెవరూ హిందూపురం బస్టాండులో దిగినోళ్లు కారు. చింతపండు మార్కెట్టుకు తీసుకపోయినా. బావ ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకొని, "ఇది చూడ్డానికి జనం వస్తారా బావగారూ?" అన్నాడు. అంతలో అంగడాయన కన్నడంలో బేరం మొదలుపెట్టె.

"ఇక్కడ తెలుగు లేదా?"

"ఉండాది బావా. బేరానికి కన్నడం, తిట్టుకోడానికి తెలుగు."

నవ్వలేదు.

పెనుకొండలో రాజులు కట్టిన మహలు నీడలో చతికిలబడి, "మా వైపు రైసుమిల్లులు ఇంతకన్నా పెద్దవి" అన్నాడు. నాకు రోషమొచ్చింది. రాణి అలిగి ఈ కొండెక్కిందనీ, రాజు బతిమాలడానికి ఎక్కేలోగా అలక తీరి అవతల దిగిపోయేదనీ, ఏడేండ్లు ఇదే తంతనీ చెప్పినా.

"ఏ రాజు?"

"సిగ్గుపడి పేరు చెక్కించుకోలేదు బావా."

పక్కన శెనక్కాయలమ్మే ముసలామె తలెత్తి, "ఏమప్పా, పోయిన తూరి రాజే అలిగెనంటివే!" అనింది. అంతటితో రాజులూ అయిపోయినారు.

మిగిలింది ధర్మవరం. రైలుకు రెండు గంటలుంటే తెలిసిన నేతగాని ఇంటికి పిల్చకపోయినా. మగ్గం మీద వంకాయరంగు పట్టుచీర సగం నేసి ఉండాది. బావ వంగినాడు. అంచు మీద బొటనవేలు మెల్లగా పెట్టి, అట్లే ఉంచినాడు. నోరు తెరిచినాడు. నేను చెవి ఒగ్గినా.

"ఫ్యాను వెయ్యమనండి" అన్నాడు.

"పోగులు ఎగుర్తాయి సార్" అన్నాడు నేతగాడు, తల తిప్పకుండానే.

జంక్షన్లో రైలు కదిలినాక బావ తలుపు దగ్గరికొచ్చి గట్టిగా అరిచినాడు: "మా చెల్లెలు మంచి చోటే పడింది బావగారూ!" ఇంటికొచ్చి ఈ మాట చెప్తే, నా భార్య గరిటె కింద పెట్టింది. "మళ్లీ చెప్పు" అనింది. మూడుసార్లు చెప్పించుకునింది. మరుసటి రోజుకు మా వీధంతా ఆ మాటే.

ఒట్టు పెట్టినా గాబట్టి ఒప్పుకుంటాండా: కల్పించింది ఆ ఒక్క మాటే. రైలు కదిలినాక ఆయన నిజంగా అరిచింది, "నా నీళ్ల సీసా మీ కార్లో ఉండిపోయింది" అని. మిగతాదంతా నిజం.

నా భార్య ఇది చదివినా నాకు దిగుల్లేదు. నేను రాసింది ఆమె ఏనాడూ నమ్మలేదు.