కంబళాయన పెట్టె మీద అత్తగారు

ఎండాకాలంలో మంచుగడ్డకి కంబళి కప్పిన మనిషిని వీధి ఇంకేమని పిలుస్తుంది? కంబళాయన అనే పిలిచింది. నిజానికి ఆయన వడ్రంగి. చేపల బజారుకి చెక్కపెట్టెలు కొట్టి ఇచ్చేవాడు. భార్య అదే బజారులో చేపలమ్మేది. పొద్దున వెండిలా మెరిసిన చేప సాయంత్రానికి మొహం వేలాడేసేది. మిగిలినదాన్ని గంపలో వేసుకుని ఆవిడ రుసరుసలాడుతూ ఇంటికొచ్చేది. ఆ వీధి పిల్లులన్నీ కొవ్వుపట్టి ఉండడానికి కారణం అదే.

ఒకరోజు మంచు ఫ్యాక్టరీ బండిలోంచి జారిన గడ్డ ఒకటి ఆయన పని చేసుకునే వసారాలోకి దొర్లి, రంపపు పొట్టు గుట్టలో కూరుకుపోయింది. మర్నాడు పొట్టు ఎత్తుతుంటే చేతికి చల్లగా తగిలింది. గడ్డ చిక్కింది గానీ చావలేదు. ఆ చల్లదనం ఆయన వేళ్ళలోంచి బుర్రకెక్కింది, మళ్ళీ దిగలేదు. ఆ పూటే ఫ్యాక్టరీ నుంచి ఇంకో గడ్డ తెచ్చి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంబళి దానికి కప్పాడు.

"అంత ఉక్కలో కంబళి కప్పితే పాపం అది ఇంకా తొందరగా కరగదూ?" అంది పక్కింటి టైలరమ్మ గోడ మీద గడ్డం ఆనించి.

"కంబళి వేడి పుట్టించదమ్మా, అడ్డం నిలబడుతుంది. మనకి కప్పితే లోపలి వేడిని బయటికి పోనివ్వదు. దీనికి కప్పితే బయటి వేడిని లోపలికి రానివ్వదు."

"అయితే నువ్వు కూడా ఒకటి కప్పుకుని తిరుగు, చల్లగా ఉంటుంది."

పేరు ఆ రోజే పడింది.

తర్వాత పెట్టె మీద పడ్డాడు. ఒక పెట్టెలో ఇంకో పెట్టె పెట్టి, రెంటి మధ్యా రంపపు పొట్టు దట్టించి, మూత కూడా అలాగే మందంగా చేశాడు. మొదటిసారి కరిగిన నీళ్ళు పోయే దారి పెట్టడం మరిచిపోయాడు. చేపలు చచ్చాక మళ్ళీ ఈత నేర్చుకున్నాయి. రెండోసారి అడుగున కన్నం పెట్టాడు. దానికి బిరడా బిగించడం మరిచిపోయాడు. ఆ దారిన పిల్లిపిల్ల ఒకటి లోపలికి దూరి, కడుపు నిండాక అదే దారిన బయటికి రాలేక గోల పెట్టింది.

లోపల చలి ఎంతుందో తెలియాలి కదా అని కాంపౌండరు దగ్గర జ్వరం చూసే థర్మామీటరు అడిగి తెచ్చి చేప నోట్లో పెట్టాడు. పాదరసం కదిలితే ఒట్టు. కాంపౌండరు వచ్చి చూసి, "నీ చేపకి జ్వరం లేదు. ఇంక డిశ్చార్జి చేసెయ్యి," అని తన థర్మామీటరు కడుక్కుని పట్టుకుపోయాడు.

భార్య ఇవన్నీ ఓర్చుకుంది. ముందుగదిలో సగం ఆ పెట్టే తినేస్తుంటే, వచ్చినవాళ్ళు గోడకి ఆనుకుని పక్కకి నడుస్తుంటే కూడా ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది వాసన.

"ఇదే ఆఖరు," అంది. "ఈ ఆదివారం పెట్టిన చేప గురువారం తీద్దాం. బాగుంటే నీ పెట్టె నీది. కంపు కొట్టిందా, పెట్టెని అమ్మ కోళ్ళకి గూడుగా ఇచ్చేస్తా. అమ్మ ఎప్పణ్ణించో అడుగుతోంది."

"చెప్పేదెవరు, కంపు కొట్టిందో లేదో?"

"ఇంకెవరు? అమ్మే."

కంబళాయన అత్తగారు ఒకప్పుడు అదే బజారుని ఏలిన మనిషి. గంప మీద గుడ్డ తియ్యకుండానే చేప ఏ పూట పట్టినదో చెప్పేది. ఆ ముక్కు తీర్పు చెప్పడం ఒక ఎత్తు. ఆ ముక్కున్న మనిషికి పెట్టె మీద కన్నుండడం ఇంకో ఎత్తు.

పెట్టెలో లోపమేమీ లేదని ఆయన నమ్మకం. ఎవరో మాటిమాటికీ మూత తీస్తున్నారు, అందుకే చలి నిలవడం లేదు. అదెవరో పట్టుకోవాలని శనివారం పొద్దున చేప లేకుండా ఉత్త మంచుగడ్డ పెట్టి, మూత మీద మెత్తటి రంపపు పొట్టు జల్లి పెట్టాడు. సాయంత్రానికి దాని నిండా చేతి ముద్రలు. ఒంగి చూశాడు. అన్నిట్లోనూ చూపుడువేలు సగమే ఉంది. ఆ వేలి మిగతా సగాన్ని చాలా ఏళ్ళ కిందట రంపం తీసుకుంది. వేలు ఆయనదే.

చెడిందా లేదా అని చూడ్డం వల్లే చెడుతోందన్నమాట. ఇంట్లో తన చేతిని ఆపగల మనిషి ఎవరా అని ఆలోచించాడు. ఒక్కరే తోచారు.

"అత్తా, గురువారం దాకా ఈ పెట్టె మీద కూర్చో. నన్ను మాత్రం ముట్టుకోనివ్వకు."

"నిన్నేనా?" ఆవిడ ఆదివారమే దిండు వేసుకుని బైఠాయించింది. దొంగ చేతికే తాళాలిచ్చాడని వీధంతా నవ్వింది.

ఆవిడ అక్కడే చిక్కుడుకాయలు ఒలిచింది, అక్కడే కునికింది. అల్లుడు అటు అడుగేస్తే చేతికర్ర తనంతట తానే లేచేది. సోమవారం మధ్యాహ్నం ఆవిడ పెదవి విరిచింది.

"ఎందుకొచ్చిన పెట్టె అల్లుడూ. చల్లగా ఉంటుంది కదాని ఒప్పుకుని కూర్చున్నా. కింద చెక్క నా ఒళ్ళులాగే వెచ్చగా ఉంది. లోపల మంచూ లేదు, మన్నూ లేదు."

"వెచ్చగా ఉందా? నిజంగా?"

"చెమట పడుతోందయ్యా."

కంబళాయన ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. చెక్క చల్లబడలేదంటే చలి బయటికి కారడం లేదు. ఆవిడ చెమటకి అంత సంతోషించిన మనిషి అంతకు ముందు లేడు. "మతి పోయిందే నీ మొగుడికి," అని ఆవిడ వంటింట్లోకి కేకేసింది.

గురువారం భార్య బజారు నుంచి తొందరగా వచ్చింది. టైలరమ్మ గోడ దిగి వచ్చింది. కాంపౌండరు ఈసారి ఏమీ తేలేదు. అత్తగారు బద్ధకంగా లేచింది. కంబళాయన మూత ఎత్తాడు. మంచుగడ్డ చిన్నదైంది గానీ ఉంది. దాని పక్కన చేప కళ్ళు తేటగా, మొప్పలు ఎర్రగా పడుకుంది.

అత్తగారు ఒంగి పీల్చింది. ఆవిడ మళ్ళీ పీల్చింది. "చలికి ముక్కు మొద్దుబారింది. ఏమీ తెలీడం లేదు," అంది.

"ఇదేమిటి?" భార్య పెట్టె మూలలోంచి చిన్న గిన్నె తీసింది. మూతకి బదులు పైన గుడ్డ కట్టి ఉంది. "నా వెన్న గిన్నె. సోమవారం నుంచి ఇల్లంతా వెతుకుతున్నా."

గుమ్మడికాయల దొంగంటే అత్తగారు నిజంగానే భుజాలు తడుముకుంది. "రోజూ మధ్యాహ్నానికి నూనైపోతోంది కదే. ఆ చెమట సంగతి చెప్తే మీ ఆయన గంతులేశాడు. అంత నమ్మకమేమిటో చూద్దామని పెట్టా."

"మూత తీశావా అత్తా?" కంబళాయన గొంతు కీచుగా వచ్చింది.

"మూత తియ్యకుండా ఎలా పెడతారు? ఒక్కసారే. నీలా గంటగంటకీ కాదు."

కాంపౌండరు నవ్వాపుకుంటూ, "వెన్న పక్కన ఏ వాసనుంటే దాన్ని పీల్చేస్తుంది కదా పెద్దమ్మా, చేప కుళ్ళితే అదే చెబుతుంది," అన్నాడు.

అందరూ గిన్నె వైపు చూశారు. అత్తగారు గుడ్డ విప్పింది. వెన్న గట్టిగా, వేలు దిగకుండా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఈసారి ముక్కు మొద్దుబారిందని అనలేదు. కాస్త గీకి నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. ఆవిడ కళ్ళు తెరిచేదాకా కంబళాయన బతికి లేడు.

"వెన్న వాసనే," అంది. అలా అని మళ్ళీ దిండు దులిపింది. "చేప తీసుకెళ్ళి వండవే. గిన్నె నా దగ్గరే ఉండనీ, మళ్ళీ లోపల పెడతా. అల్లుడూ, కోళ్ళకి ఇంకోటి కొట్టు. దానికి పొట్టూ గిట్టూ అక్కర్లేదు."

ఆ తర్వాత బజారంతా ఆయన పెట్టెలే కొంది. వాటన్నిటికీ మూత బల్లలా వెడల్పుగా ఉండేది. ఎందుకూ ఇంత వెడల్పని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, పొట్టుతో సగం చలే నిలుస్తుందనీ, మిగతా సగం నిలవాలంటే పైన ఎవరో ఒక పెద్దావిణ్ణి కూర్చోబెట్టుకోవాలనీ చెప్పేవాడు.